పాత మోడల్ పిస్టల్ మీద మనసుపడ్డవాళ్లకి: మొదటిది ఎలా ఎంచుకోవాలి

2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఆరో రోజున మా మావయ్య తువ్వాలు మూట ఒకటి పట్టుకుని శ్రీకాకుళంలో మా ఇంటికొచ్చాడు. ఊళ్లో కరెంటు లేదు, ఇంటి మీద రేకులు లేవు, తోటలో నిలబడ్డ జీడిచెట్టు లేదు. ఆయన మాత్రం ఆ మూట గురించే బెంగ పెట్టుకున్నాడు.

"సూడు నాయినా, దీని పని అయిపోనాదేటి?" అన్నాడు.

మూటలో వాల్తర్ పీపీ. వాళ్ల నాన్నగారి తర్వాత లైసెన్సు తన పేరు మీద చేయించుకుని దాచుకున్న పిస్టల్. వాన నీరు బీరువాలోకి దిగింది, తోలు కవరు నీళ్లన్నీ పీల్చుకుంది. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే ఉక్కు భాగం) మీద తుప్పు ఎక్కడెక్కడ పట్టిందో చూస్తే కవరు కుట్టు ఏ దారిన పోయిందో చెప్పెయ్యొచ్చు, దారపు పోగుతో సహా. సైన్యంలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు బాగుచేసే పని చేసి వచ్చినవాణ్ణి కాబట్టి నాకు పెద్ద టెన్షన్ అనిపించలేదు. బ్యారెల్ అరగంటలో శుభ్రమైంది. స్లైడ్‌కి రెండు రోజులు పట్టింది. తూటాలు నింపే మ్యాగజైన్ దగ్గర కథ ఆగిపోయింది. పైన తూటాని పట్టుకునే రేకు అంచుల్లో ఒకటి తుప్పుకి చీలింది. అలాంటి మ్యాగజైన్ ఇంకొకటి దొరకడానికి పద్నాలుగు నెలలు తిరిగాం. అన్నాళ్లూ ఆ జర్మన్ పిస్టల్ మా మావయ్య ఇంట్లో ఒక ఇనప ముక్క.

మొదటి పిస్టల్ గురించి నన్ను అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. రిటైరై వచ్చిన జవాన్లు, పలాస వైపు జీడిపప్పు డబ్బుతో తిరిగే వ్యాపారులు, తాతల నాటి బొమ్మలు చూసి మోజుపడ్డ కుర్రాళ్లు. అందరూ ముందు అడిగేది "ఏ కంపెనీది మంచిది?" అని. నేను తిరిగి అడిగేది ఒకటే: దాని మ్యాగజైన్, స్ప్రింగు, తూటా మీకు ఇక్కడ కూర్చుని దొరుకుతాయా? ఈ కింద రాసిందంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు కాగితం, తర్వాత ఇనుము

లైసెన్సు లేకుండా దుకాణంలో పిస్టల్ పట్టుకుని చూడాలన్న ఆలోచన కూడా పెట్టుకోకండి. 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమాలు మనకి ఆధారం. ఇరవై ఒక్క ఏళ్లు నిండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెడతారు, పోలీసు విచారణ జరుగుతుంది, ఆయుధాన్ని జాగ్రత్తగా వాడడం నేర్చుకున్నట్టు శిక్షణ సర్టిఫికెట్ చూపించాలి. ఎందుకు కావాలో రాసేచోట కథలు రాయకండి, ఉన్నది రాయండి. 2019లో చట్టం మార్చాక ఒకరి పేరు మీద రెండు ఆయుధాలకి మించి ఉండకూడదు, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లయింది. ఇంట్లో ఇప్పటికే తాతగారి డబుల్ బ్యారెల్ ఒకటి మీ పేరున ఉంటే, పిస్టల్‌తో మీ కోటా అయిపోయినట్టే.

ఏజెన్సీ ఊళ్ల వైపు నుంచి "తక్కువకి వస్తది" అంటూ ఎవడైనా చెవిలో చెబితే ఆ మాట అక్కడే వదిలెయ్యండి. లైసెన్సు లేని తుపాకీ దగ్గర పెట్టుకుంటే కనీసం రెండేళ్ల జైలు. పైగా నాటుగా చేసిన పిస్టల్ బ్యారెల్ అంటే చాలావరకు ఏదో ఒక పైపు ముక్క. పేలేది ఎదటివాడి వైపో మన చేతిలోనో దానికే తెలియదు.

బోరు సంగతి: మనసు ఒకటి కోరితే చట్టం ఇంకొకటి ఇస్తుంది

బోరు అంటే బ్యారెల్ గొట్టం లోపలి కొలత; .45, .32 అనేవి అంగుళాల్లో. సినిమాల్లో చూసి కోల్ట్ 1911 కావాలని వస్తారు. అది .45 తూటా తినే పిస్టల్. సైన్యంలో వాడినవాళ్లు బ్రౌనింగ్ హైపవర్ అంటారు. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో మన సైన్యం కోసం చేసినది దాని అచ్చే, 9 ఎంఎం. నా చేతిలో ఎన్ని విప్పి బిగించానో లెక్కలేదు, చాలా మంచి పిస్టల్. కానీ సైన్యాలు వాడే ఇలాంటి తూటాలు నిషేధిత బోరు కిందకి వస్తాయి. మామూలు లైసెన్సు మీద మనకి రావు. ఎవరైనా "ఏదోలా చేయిద్దాం" అంటే అతని దగ్గర ఇంకేమీ కొనకండి.

మనకి మిగిలిన దారుల్లో నడిచే దారి .32 ఒకటే. .25 కూడా అనుమతి ఉన్నదే గాని మరీ చిన్నది, తూటా దొరకడం మరీ కష్టం. .22 గురి నేర్చుకోవడానికి బంగారం లాంటిది. అయితే ఆ రిమ్ ఉన్న సన్న తూటా పిస్టల్లో ఎక్కువ సార్లు ఇరుక్కుంటుంది, తూటా తూటాకీ తేడా ఉంటుంది. అందుకే నమ్మకంగా పనిచేసే మొదటి పిస్టల్ అని అడిగితే నేను .32 దగ్గరే ఆగుతాను.

.32 మనకి గతిలేక వచ్చింది అనుకోకండి. అమెరికా తుపాకుల రూపకర్త జాన్ బ్రౌనింగ్ 1899 ప్రాంతంలో ఈ తూటా చేసిందే ఇలాంటి చిన్న పిస్టళ్ల కోసం. పాత మోడల్ అని మనం మురిసిపోయే పిస్టళ్లలో సగం దీని చుట్టూ పుట్టినవే. తన్ను తక్కువ, కాబట్టి బ్యారెల్‌కి తాళం వేసే ఏర్పాటేదీ అక్కర్లేదు. స్లైడ్ బరువు, స్ప్రింగు బిగువు, ఈ రెండే వెనక్కి తోసే శక్తిని ఆపుతాయి. దీన్ని బ్లోబ్యాక్ అంటారు. భాగాలు తక్కువ, కదిలేవి ఇంకా తక్కువ. మొదటిసారి కొనేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

ఒక్క ఇబ్బంది ఉంది. తాళం పని అంతా స్ప్రింగే చెయ్యాలి కాబట్టి అది గట్టిగా ఉంటుంది. చేతిలో బలం తగ్గిన పెద్దవాళ్లకి స్లైడ్ వెనక్కి లాగడం కష్టమౌతుంది. దుకాణంలో ఐదుసార్లు వరసగా లాగి చూడండి. మూడోసారికే చెయ్యి నొప్పెడితే ఆ పిస్టల్ మీది కాదు. స్లైడ్ లేని రివాల్వర్ తీసుకోండి, నామోషీ ఏమీ లేదు.

ఏ అచ్చు ఎలాంటిది

పాత మోడళ్లలో మూడు కుటుంబాలు తెలిస్తే మిగతావన్నీ వాటి చుట్టాలే.

మొదటిది కోల్ట్ 1903. బ్రౌనింగ్ గీసిందే. దీన్ని హ్యామర్‌లెస్ అంటారు గాని హ్యామర్ (తూటా పేల్చడానికి కొట్టే సుత్తి లాంటి భాగం) లోపల దాక్కుని ఉంటుంది. 1945 దాకా ఐదు లక్షలకు పైగా చేశారు. పల్చగా, నున్నగా, జేబులో దేనికీ తట్టుకోకుండా వస్తుంది. చేతిలో పట్టుకుంటే పక్కన పెట్టబుద్ధి కాదు, ఒప్పుకుంటాను. మొదటిసారి కొనేవాడికి ఇందులో నాకు నచ్చనిది ఒకటే: హ్యామర్ ఎక్కి ఉందో దిగి ఉందో కంటికి కనపడదు. అలవాటు లేని చేతికి ఆ కనపడకపోవడమే ప్రమాదం.

రెండోది ఎఫ్ఎన్ 1910. ఇదీ ఆయనదే. స్ప్రింగు బ్యారెల్ చుట్టూ చుట్టుకుని ఉంటుంది, ముందర ఒక గుండ్రటి మూత దాన్ని పట్టి ఉంచుతుంది. విప్పేటప్పుడు ఆ మూత మీద బొటనవేలు లేకపోతే మూతా స్ప్రింగూ రెండూ ఎగిరి బీరువా కిందకో, కిటికీ బయటికో పోతాయి. నవ్వుతున్నాను గాని, చీకట్లో టార్చి పట్టుకుని వెతికిన వాళ్లలో నేనూ ఉన్నాను.

మూడోది వాల్తర్ పీపీ, 1929లో వచ్చింది. దాని తమ్ముడు పీపీకే కొంచెం పొట్టి. హ్యామర్ బయటికే ఉంటుంది. సేఫ్టీ కిందకి దించితే హ్యామర్ దానంతట అదే క్షేమంగా కిందకి దిగుతుంది. ఛాంబర్‌లో, అంటే పేలడానికి తూటా కూర్చునే చోట, తూటా ఉంటే చాలావాటిలో వెనకవైపు చిన్న పిన్ను ఒకటి బయటికి పొడుచుకొస్తుంది, చీకట్లో వేలితో తడిమి తెలుసుకోవచ్చు. మొదటి ట్రిగ్గర్ లాగుడు పొడుగ్గా, బరువుగా ఉంటుంది. అది లోపం అంటారు చాలామంది, కొత్తవాడికి అదే కాపలా అంటాను నేను. లావు చేతులవాళ్లు మాత్రం జాగ్రత్త. పిస్టల్ పైకి పట్టుకుంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మాన్ని స్లైడ్ గీసుకుంటూ పోతుంది.

అచ్చుల్లో ఎంచుకోమంటే నేను మూడో కుటుంబం వైపే మొగ్గుతాను: హ్యామర్ కనపడేది, దాన్ని దించే ఏర్పాటున్నది. కానీ అచ్చు నచ్చడం వేరు, ఆ అచ్చులో మంచి స్థితిలో ఉన్నది దొరకడం వేరు.

కొత్తదా, పాతదా

1980ల నుంచి విదేశీ పిస్టళ్ల దిగుమతి మామూలు మనుషులకి ఆగిపోయింది. ఇప్పుడు దేశంలో తిరిగే వాల్తర్లు, కోల్ట్‌లు, బెరెట్టాలు దాదాపు అన్నీ అంతకు ముందు వచ్చినవే. కొత్తవి రావు, పాతవి అరుగుతాయి. అందుకే ధర లక్షల్లో పలుకుతుంది. ఆ ధర పిస్టల్ పనితనానికి కాదు, అరుదుతనానికి. ఈ ఒక్క ముక్క అర్థమైతే మీ డబ్బు సగం మిగిలినట్టే.

దేశీయంగా ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలు .32 పిస్టల్ చేస్తున్నాయి. కోల్‌కతా వైపు ఫ్యాక్టరీ నుంచి వచ్చే దానికి అశని అని పేరు పెట్టారు. అశని అంటే పిడుగు, అశనిపాతం అన్నప్పుడు మనం అనేదే. 2021 అక్టోబర్ 1న ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డుని ఏడు కంపెనీలుగా విడగొట్టాక తుపాకులు కాన్పూరు కేంద్రంగా ఉన్న కంపెనీ కిందకి, తూటాలు పుణే కేంద్రంగా ఉన్న కంపెనీ కిందకి వెళ్లాయి. పన్ను సంగతి కూడా లెక్కలో వేసుకోండి. పిస్టళ్లు, రివాల్వర్ల మీద జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్‌లో 40 శాతం చేశారు.

దేశీ పిస్టల్‌కి వాల్తర్ నునుపు లేదు. అంచులు చేతికి గరుగ్గా తగలొచ్చు, ట్రిగ్గర్ కొంచెం ఇసుకలో నడిచినట్టు ఉండొచ్చు. అయినా మొదటి పిస్టల్ అంటే నేను ఇదే చెబుతాను. అదనపు మ్యాగజైన్ కొనుక్కోవచ్చు, స్ప్రింగు మార్పించుకోవచ్చు, ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒక చిరునామా ఉంటుంది. పాతదాని మీద మనసు పోతే రెండో ఆయుధంగా కొనండి, మూడు నాలుగేళ్లు చెయ్యి తిరిగాక. అప్పుడు ఏం చూస్తున్నారో మీకు తెలుస్తుంది.

అయినా పాతదే కావాలంటారా? సరే, చూడడం నేర్చుకోండి.

చేతిలోకి తీసుకున్నాక ఏం చూడాలి

ఎవరిచ్చినా సరే, ముందు మ్యాగజైన్ తీసెయ్యండి, తర్వాత స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్‌లోకి చూడండి, చిటికెన వేలు పెట్టి తడమండి. ఈ వరస తిప్పకండి. మ్యాగజైన్ ఉంచి స్లైడ్ లాగితే ఖాళీ చేస్తున్నాననుకుంటూ మీరే తూటా ఎక్కిస్తారు. దుకాణదారుడు "ఖాళీయే సార్" అంటాడు. మీరూ నవ్వి ఖాళీ చెయ్యండి. అలా చేస్తే ఏ మంచి దుకాణదారుడూ ఏమీ అనుకోడు, అనుకున్నాడంటే దుకాణం మార్చండి.

నంబర్లు చూడండి. ఫ్రేమ్ మీద నంబరు లైసెన్సులో ఉన్నదానితో అక్షరం అక్షరం సరిపోవాలి. కొన్ని మోడళ్లలో స్లైడ్, బ్యారెల్ మీద కూడా ఉంటాయి. అవన్నీ ఒకటైతే పిస్టల్ పుట్టినప్పటి జోడీయే అని అర్థం. నంబరు దగ్గర ఆకురాయి పెట్టిన గీతలు కనిపిస్తే అది కిందపెట్టి బయటికి రండి. నంబరు చెరిపిన ఆయుధం దగ్గర పెట్టుకోవడమే నేరం.

మెరుపు చూసి మోసపోకండి. కొత్తగా నికెల్ పూత వేసిన పాత పిస్టల్ పెళ్లికి సున్నం కొట్టిన పాత గోడ లాంటిది. వెలుతురుకి ఏటవాలుగా పట్టి చూస్తే పూత కింద తుప్పు గుంటలు మశూచి మచ్చల్లా కనపడతాయి. చెక్కిన అక్షరాల అంచులు మెత్తబడి ఉంటే ఎవరో గట్టిగా రుద్దేశారని అర్థం. పాత నీలం పూత అక్కడక్కడ వెలిసిపోయినా సహజంగా ఉన్న పిస్టలే నాకు నమ్మకం.

బ్యారెల్ లోపలికి చూడ్డానికి స్లైడ్ విప్పించి, ఒక చివర తెల్లకాగితం పెట్టి రెండో చివర నుంచి చూడండి. మెలికలు తిరిగిన గాడులు పదునుగా, వెలుగుతూ ఉండాలి. కొంచెం మసక ఉంటే భయం లేదు. ఎక్కడైనా ఒక చోట నల్లటి ఉంగరంలా చుట్టు కనిపించిందా, అక్కడ బ్యారెల్ ఉబ్బింది. అంటే ఎప్పుడో ఒక గుండు మధ్యలో ఇరుక్కుంది, దాని వెనక ఇంకొకటి పేల్చారు. అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు.

స్లైడ్ కదిలే పట్టాల దగ్గర, తూటా పెంకు బయటికి ఎగిరే కిటికీ మూలల్లో వెంట్రుకంత పగుళ్లు ఉంటాయేమో భూతద్దంతో చూడండి. పెంకుని లాగే కొక్కెం మొన విరగకుండా, పదునుగా ఉండాలి.

ఇప్పుడు ట్రిగ్గర్ పని. పాత ఫైరింగ్ పిన్నులు పెళుసుగా ఉంటాయి కాబట్టి డమ్మీ రౌండ్ (మందు లేని ఉత్తుత్తి తూటా) అడిగి, ఓనరు ఒప్పుకున్నాకే నొక్కండి. పిస్టల్ ఎటు చూస్తోందో ఆ గోడ వెనక ఎవరున్నారో కూడా ఆలోచించండి. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ గట్టిగా నొక్కండి, ఏమీ జరగకూడదు. వేలు తీసి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా సేఫ్టీ తియ్యండి, అప్పుడు కూడా ఏమీ జరగకూడదు. చాలామంది ఈ రెండో సగం చూడరు. అరిగిన పిస్టల్ సేఫ్టీ తీసిన క్షణంలో హ్యామర్ వదిలేస్తుంది. ఆ తర్వాత ట్రిగ్గర్ నొక్కి పట్టుకునే స్లైడ్ లాగి వదలండి. హ్యామర్ వెనకే ఆగాలి. స్లైడ్‌తో పాటు జారిపోయిందంటే ఆ పిస్టల్ ఒక్క నొక్కుకి రెండు మూడు తూటాలు పేల్చే రకం. కొన్ని మోడళ్లలో మ్యాగజైన్ లేకపోతే ట్రిగ్గర్ పనిచెయ్యదు, ఖాళీ మ్యాగజైన్ పెట్టి చూడండి.

ఇక మ్యాగజైన్. నేను సైన్యంలో ఉండగా పిస్టల్ ఇరుక్కుంటోందని తెచ్చిన ప్రతిసారీ ముందు మ్యాగజైన్ మార్చి చూసేవాణ్ణి. సగానికి పైగా అక్కడే తేలిపోయేది. పైన రెండు అంచులూ సమానంగా వంగి ఉన్నాయా, ఎప్పుడైనా ప్లయర్ పెట్టి వంచిన నొక్కులున్నాయా చూడండి. లోపలి పలక వేలితో నొక్కితే అడుగుదాకా గీరుకోకుండా వెళ్లి, వదలగానే చటుక్కున పైకి రావాలి. బద్ధకంగా వస్తే స్ప్రింగు చచ్చింది. మ్యాగజైన్ మీద ఆ కంపెనీ గుర్తుందా, లేక ఎక్కడో రేకు వంచి చేసిందా? అమ్మేవాడు ఒక్క మ్యాగజైనే ఇస్తానంటే ధర అక్కడే తగ్గించమనండి. రెండు లేకుండా పాత పిస్టల్ కొనకండి. మా మావయ్య పద్నాలుగు నెలలు గుర్తుపెట్టుకోండి.

రెండు రకాల .32

ఇది ఒక దుకాణంలో నా కళ్ల ముందే జరిగింది. ఒకాయన "పాయింట్ థర్టీటూ ఇవ్వండి" అన్నాడు, కౌంటర్‌లో కుర్రాడు డబ్బా ఇచ్చాడు, ఆయన జేబులో పెట్టుకున్నాడు. నేను అడిగి తీసి చూస్తే అది రివాల్వర్ తూటా. ఆయనది పిస్టల్.

రెండింటినీ .32 అనే అంటారు. రెండూ పక్కపక్కన బల్ల మీద నిలబెడితే తేడా చిన్నపిల్లవాడికీ తెలుస్తుంది. రివాల్వర్‌ది పొడుగు, పెంకు ఒక్కటే 23 మిల్లీమీటర్లు, అడుగున వెడల్పాటి అంచు ఉంటుంది. పిస్టల్‌ది పొట్టి, పెంకు 17 మిల్లీమీటర్లు, అడుగు అంచు ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. డబ్బా మీద 7.65 అని రెండింటికీ రాసి ఉండొచ్చు కాబట్టి ఆ పక్కన ఉన్న 17 చూసి తీసుకోండి. లైసెన్సు పుస్తకంలో ఎక్కించేటప్పుడు కూడా "పిస్టల్" అనే మాట రాయించండి.

ఆ ఉందా లేదా అన్న అంచు ఇంకో పని కూడా చేస్తుంది. మ్యాగజైన్ నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు ఉండాలి. వెనకపడితే రెండూ ఒకదానికొకటి కొక్కెం వేసుకుంటాయి, పై తూటా కదలదు. వేలితో కొట్టినా, తిట్టినా కదలదు, మ్యాగజైన్ బయటికి తీసి పుల్లతో విడదియ్యాలి. పొట్టిగా, ముక్కున గుంట ఉండే గుండ్లతో ఇది ఎక్కువ. మామూలు గుండ్రటి ముక్కున్న, పూర్తి తొడుగు ఉన్న గుండే వాడండి. ఈ పాత పిస్టళ్లన్నీ దాని కొలతకే పుట్టాయి.

తాతగారి డబ్బాలో మిగిలిన తూటాలు వాడొద్దు. మన సముద్రపు గాలికి ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది, మందు చెమ్మగిలుతుంది. అవి చెత్తలో పారేసేవి కావు, డీలరుని గాని స్టేషన్‌ని గాని అడిగి అప్పగించండి.

కొనే రోజు

పాత పిస్టల్ వేరే లైసెన్సుదారుడి దగ్గర నేరుగా కొంటుంటే, అమ్మే ఆయన ముందుగా కలెక్టరుకో దగ్గరి పోలీసు స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలియజెయ్యాలి, ఆ తర్వాత 45 రోజులు ఆగాలి. "ముందు తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత చూద్దాం" అనే మాట స్నేహితుడి నోట వచ్చినా వినకండి. డీలరు ద్వారా కొంటే ఈ తిప్పలు తక్కువ. కొన్నాక ఆయుధం తీసుకెళ్లి చూపించి, నంబరు లైసెన్సులో ఎక్కించుకోవాలి. బయటి రాష్ట్రం నుంచి తెస్తుంటే మీ లైసెన్సు ఆ దారి మొత్తానికీ చెల్లుతుందో లేదో టికెట్ కొనకముందే చూసుకోండి. ఒకేసారి ఎన్ని తూటాలు, ఏడాదికి ఎన్ని అన్నది మీ లైసెన్సు మీదే రాసి ఉంటుంది.

మొదటి వంద తూటాలు

పొలంలో, తోటలో, నాగావళి ఇసుకలో కాల్చి చూడడం లేదు. అనుమతి ఉన్న రేంజ్‌లో, నేర్పేవాళ్లు పక్కన ఉండగా మాత్రమే. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి కాలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా అని 2019లో చట్టంలోనే రాశారు. పైకి పోయిన గుండు ఎక్కడో ఒకచోట దిగాలి కదా.

ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోండి. మ్యాగజైన్లకి ఒకటి, రెండు అని గుర్తులు గీసి, ఎన్నో తూటాకి ఏం జరిగిందో రాయండి. "1వ మ్యాగజైన్, చివరి తూటా ముక్కు కొట్టుకుంది" అని మూడుసార్లు వచ్చిందంటే తప్పు పిస్టల్‌ది కాదు, ఆ మ్యాగజైన్‌ది. రెండు మ్యాగజైన్లలోనూ పెంకు సగం బయటికొచ్చి ఇరుక్కుంటే కొక్కెమో, ఛాంబర్ మురికో, లేక మీ మణికట్టు వదులో. చిన్న పిస్టల్‌ని మెత్తగా పట్టుకుంటే స్లైడ్ పూర్తిగా వెనక్కి పోదు. పట్టు బిగించి మళ్లీ చూడండి. వంద తూటాల్లో చివరి యాభై ఒక్క ఇరుకూ లేకుండా పోతే నేను ఆ పిస్టల్‌ని నమ్ముతాను. తూటాల ఖర్చు చూసి ఇరవైతో ఆపేసేవాళ్లు ఉన్నారు. ఇరవైతో మీకేమీ తెలియదు.

రెండు విషయాలు మాత్రం బట్టీ పట్టండి. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుందా, మూతి గురి వైపే ఉంచి అరనిమిషం ఆగండి. మందు ఆలస్యంగా అంటుకోవచ్చు. చప్పుడు ఎప్పటికంటే మెత్తగా, తుస్సుమన్నట్టు వచ్చిందా, వెంటనే ఆపి, ఖాళీ చేసి, విప్పి బ్యారెల్ చూడండి. పైన చెప్పిన నల్ల ఉంగరం అలా ఆపని వాళ్ల వల్లే పడుతుంది.

వేలికి అలవాటు కావడానికి ఎయిర్ పిస్టల్ ఒకటి కొనుక్కోండి. .177 బోరు, 20 జౌల్స్ శక్తి లోపు ఉన్నదానికి ఆయుధ లైసెన్సు అక్కర్లేదు. రోజూ ఇంట్లో ఇరవై ఛర్రాలు కాలిస్తే ట్రిగ్గర్ లాగడం వచ్చేస్తుంది, అసలు తూటాలు మిగులుతాయి.

మన ఊళ్లో దాచడం

కళింగపట్నం, బారువ, భావనపాడు దరి ఊళ్లలో కిటికీ చువ్వలకే ఏడాదికోసారి రంగు వెయ్యాలి. పిస్టల్ సంగతి వేరే చెప్పాలా? తోలు కవరు బయటికి తీసుకెళ్లేటప్పుడే. ఇంట్లో దాచేటప్పుడు నూనె పూసిన గుడ్డలో చుట్టి, సిలికా జెల్ పొట్లాలు వేసి, తాళం ఉన్న స్టీలు పెట్టెలో పెట్టండి. ఆ పెట్టె గోడకి బోల్టులతో బిగించి, నడుమెత్తు కంటే పైన ఉండాలి. నీళ్లు లోపలికొస్తే కింది అరలోవే ముందు మునుగుతాయి. తూటాలు వేరే చోట, వేరే తాళం. తాళంచెవి ఎక్కడుందో పిల్లలకి తెలియదని మీరు అనుకుంటారు. వాళ్లకి తెలుసు. జేబులోనే ఉంచుకోండి.

కొబ్బరినూనె పూసే అలవాటు మా వైపు ఉంది, దండం పెట్టి చెబుతున్నాను, వద్దు. నాలుగు నెలల్లో అది జిగురై, చలికాలంలో గడ్డకట్టి, ఫైరింగ్ పిన్నుని బురదలో కాలులా పట్టేస్తుంది. తుపాకీ నూనె చిన్న సీసా రెండేళ్లు వస్తుంది. అది కూడా పల్చటి పొరగానే. వానాకాలంలో పదిహేను రోజులకోసారి, మిగతా కాలంలో నెలకోసారి తీసి తుడవండి. వట్టి చేత్తో ముట్టుకున్నచోట చెమట ఉప్పు ఉండిపోతుంది. పెట్టే ముందు చివరగా ఒకసారి మొత్తం తుడవండి.

ఎన్నికలొస్తే స్టేషన్‌లో అప్పగించమని కబురొస్తుంది. ఆ రోజు మీ వెంట మూడు ఉండాలి: నూనె గుడ్డ, ప్లాస్టిక్ డబ్బా, కలం. పిస్టల్ ఎదురుగానే ఖాళీ చేసి చూపించి, గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టి ఇవ్వండి. రసీదులో నంబరుతో పాటు మ్యాగజైన్లు ఎన్ని ఇచ్చారో కూడా రాయించుకోండి. మా మావయ్య 2019లో ఇచ్చేటప్పుడు రసీదు మీద రాసింది "పిస్టల్ ఒకటి" అనే. ఆయన పక్కనే నిలబడి, "మ్యాగజైన్ లేదు అని కూడా రాయండి బాబూ, రేపు నానే పోగొట్టాననుకుంటారు" అని పట్టుబట్టి రాయించాడు.